ఇంజెక్షన్ తీసి కార్బ్యురేటర్ పెట్టిన పాత కారుకు ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంప్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోల్‌ను ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మే ఇంజెక్షన్ సరంజామా అంతా ఊడదీసి వెబర్, డెల్లార్టో, సోలెక్స్ లాంటి కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోల్ కలిపే పరికరాలు) ఎక్కించాక బండి సరిగ్గా నడవకపోతే అందరూ ముందు జెట్ల మీద, అంటే పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రాల మీద పడతారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు, వెనక ట్యాంక్ దగ్గర ఉంటుంది. కార్బ్యురేటర్‌కు కావాల్సింది తక్కువ ప్రెషర్‌తో ధారాళంగా వచ్చే పెట్రోల్. ఇంజన్ ఆగిన మరుక్షణం ఆ పెట్రోల్ కూడా ఆగిపోవాలి. కింద ఉన్న జవాబులన్నీ ఈ రెండింటి గురించే.

పాత ఇంజెక్షన్ పంప్ బాగానే పనిచేస్తోంది. దాన్నే ఉంచుకుంటే ఏం?

వద్దు. బాష్ కంపెనీ ఇంజెక్షన్ రకాల్లో డి-జెట్రానిక్ లైనులో ప్రెషర్ సుమారు 2 బార్, ఎల్-జెట్రానిక్‌లో 2.5 బార్, కె-జెట్రానిక్‌లో దాదాపు 5 బార్ ఉంటుంది. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). వెబర్ అడిగేది 3 నుంచి 3.5 పీఎస్ఐ మాత్రమే.

కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె ఫ్లోట్ చాంబర్. అది నిండగానే తేలే ఫ్లోట్ పైకి లేచి నీడిల్ వాల్వ్ అనే సూదితో పెట్రోల్ దారి మూస్తుంది. ఈ తేడా ఆ నీడిల్ దగ్గర ఎలా ఉంటుందో లెక్క వేసి చూడండి. సీటు రంధ్రం 2 మి.మీ. అనుకుంటే దాని వైశాల్యం 3.14 చదరపు మి.మీ. 3 పీఎస్ఐ దగ్గర పెట్రోల్ నీడిల్‌ను తోసే బలం ఆరేడు గ్రాముల బరువుతో సమానం. ఫ్లోట్ దాన్ని సులువుగా ఆపుతుంది. అదే నీడిల్ మీద ఎల్-జెట్రానిక్ పంప్ 36 పీఎస్ఐ పడితే 80 గ్రాముల బరువు తోసినట్టే. బోలు ఇత్తడి ఫ్లోట్ ఎంత తేలినా ఆ బలానికి నిలవదు. ఫ్లోట్ చాంబర్ నిండి పొంగుతుంది, పెట్రోల్ వెంచురీలోంచి (కార్బ్యురేటర్ సన్న గొంతు) మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు దారితీసే గొట్టం) కారుతుంది. అక్కణ్ణుంచి సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీస్తే పెట్రోల్ వాసన, ఆయిల్ మట్టం గీత దాటి పైకి. ఇది ఇంజన్ పాడవడం వరకే. బయటికి పొంగిన పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే బండే కాలిపోతుంది.

ఆ పంప్‌కే రెగ్యులేటర్ పెట్టి ప్రెషర్ తగ్గించుకుంటే?

కార్బ్యురేటర్ల కోసం అమ్మే మామూలు రెగ్యులేటర్లు దారి మూసి ప్రెషర్ ఆపే రకం. వెనక 70 పీఎస్ఐ తోసే పంప్ ఉంటే వాటి డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) నిలబడదు. మిగులు పెట్రోల్‌ను ట్యాంక్‌కు వెనక్కి పంపే రకం రెగ్యులేటర్, దానికి తగ్గ లావు రిటర్న్ పైపు పెడితే కొంత సాధ్యమే. కానీ అంత ఖర్చు, అంత శ్రమ పెట్టి అక్కర్లేని ప్రెషర్‌ను తయారుచేసి మళ్ళీ పారబోయడం ఎందుకు? తక్కువ ప్రెషర్ పంప్ కొనడమే చవక, క్షేమం.

మెకానికల్ పంప్ పెట్టుకోలేమా?

మొదటి నుంచీ ఇంజెక్షన్‌తో వచ్చిన ఇంజన్లలో చాలావాటికి ఆ పంప్‌ను నడిపే క్యామ్ గానీ పుష్‌రాడ్ గానీ, దాన్ని బిగించే చోటు గానీ ఉండవు. అందుకే ఎలక్ట్రిక్ పంప్.

ఎంత ప్రెషర్, ఎంత పెట్రోల్ కావాలి?

ప్రెషర్ కార్బ్యురేటర్‌ను బట్టి మారుతుంది. వెబర్, డెల్లార్టోలకు 3 నుంచి 3.5 పీఎస్ఐ. ఎస్‌యూ అయితే 2 నుంచి 3 మధ్య. పెద్ద హోలీ కార్బ్యురేటర్లు 5 నుంచి 7 దాకా తీసుకుంటాయి. ఎవరో 5 పీఎస్ఐ పెట్టుకుని బాగుందన్నారని మీరు పెట్టకండి, వాళ్ళది ఏ కార్బ్యురేటరో ముందు కనుక్కోండి.

పెట్రోల్ పరిమాణం ఇంజన్ శక్తిని బట్టి ఉంటుంది. 100 హార్స్‌పవర్ ఇంజన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు గంటకు సుమారు 30 లీటర్లు తాగుతుంది. పంప్ పెట్టె మీద రాసిన సంఖ్య ఎదురు ప్రెషర్ ఏమీ లేనప్పుడు కొలిచింది. ఫిల్టర్లు, రెగ్యులేటర్, పొడుగాటి పైపు దాటేసరికి అది బాగా తగ్గుతుంది. కాబట్టి కావాల్సినదానికి రెండు మూడు రెట్లు రాసి ఉన్న పంప్ తీసుకోండి. ఈ బండికి గంటకు 100 లీటర్ల పంప్ చక్కగా సరిపోతుంది. అంతకన్నా పెద్దది తెస్తే లాభం లేదు, శబ్దం, వేడి మాత్రం పెరుగుతాయి.

సోలినాయిడ్ పంపా, రోటరీ పంపా?

సోలినాయిడ్ పంప్ అంటే టిక్ టిక్‌మంటూ కొట్టుకునే చిన్న డబ్బా లేదా సిలిండర్ ఆకారం. లోపల ప్లంజర్ ముందుకూ వెనక్కీ కదులుతుంది. 1 నుంచి 2 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫ్లోట్ చాంబర్ నిండి నీడిల్ మూసుకుంటే దానంతట అదే నెమ్మదిస్తుంది. రోటరీ పంప్ మోటారుతో రెక్కలు తిప్పి పెట్రోల్ నెడుతుంది, 3 నుంచి 5 ఆంపియర్లు లాగుతుంది, జుయ్‌మని ఒకటే మోత. దారి మూసుకున్నా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి వేడెక్కుతుంది. చెత్త పడినా, పెట్రోల్ లేకుండా తిరిగినా రెక్కలు త్వరగా అరిగిపోతాయి.

రోడ్డు మీద తిరిగే 150 హార్స్‌పవర్ లోపు బండికి సోలినాయిడ్ పంపే మా సిఫారసు. పైగా దాని టిక్ టిక్ ఉచితంగా దొరికిన మీటర్ లాంటిది, దాని సంగతి కింద చెప్పాం.

పంప్ ఎక్కడ బిగించాలి?

ట్యాంక్ పక్కనే, ట్యాంక్ అడుగు మట్టానికి లేదా ఇంకా కిందికి. ఇవి నెట్టే పంపులు, పీల్చడంలో బలహీనం. చాలా సోలినాయిడ్ పంపులు పొడిగా ఉన్నప్పుడు 30 సెం.మీ. ఎత్తు పీల్చడానికే ఆపసోపాలు పడతాయి. ఇంకో సంగతి, పీల్చే వైపు ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ తగ్గితే పెట్రోల్ మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు మామూలుగానే 35, 40 డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మొదలుపెడతాయి. ఇంజన్ పక్కన పంప్ పెట్టి మూడు మీటర్ల వేడి పైపులోంచి లాగిస్తే పంప్‌కు అందేది సగం ఆవిరే.

సైలెన్సర్‌కూ ఎగ్జాస్ట్ పైపుకూ ఎంత దూరమైతే అంత మంచిది. దూరం దొరక్కపోతే మధ్యలో రేకు అడ్డం పెట్టండి. చక్రం విసిరే రాళ్ళు, నీళ్ళు తగలని చోటు, గుద్దుకుంటే నలిగే వెనక బంపర్‌కు దూరంగా లోపలి వైపు చూసుకోండి. కూర్చునే చోట, డిక్కీ లోపల వద్దు. సోలినాయిడ్ పంప్‌ను అవుట్‌లెట్ పైకి వచ్చేలా నిలువుగా గానీ కనీసం 45 డిగ్రీల వాలుగా గానీ బిగిస్తే లోపల గాలి చిక్కదు. పంప్ మీది బాణం గుర్తు కార్బ్యురేటర్ వైపు చూడాలి. నవ్వులాటగా అనిపించినా తిరగేసి బిగించినవాళ్ళు తక్కువేం లేరు.

రబ్బరు బుష్‌ల మీద బిగిస్తే శబ్దం బాడీలోకి పాకదు. కానీ రబ్బరు కరెంటును కూడా ఆపుతుంది. బాడీ ద్వారా ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) తీసుకునే పంప్ అయితే రబ్బరు వేశాక చచ్చినట్టు పడి ఉంటుంది. విడిగా ఎర్త్ వైరు లాగి, పెయింట్ గీకిన లోహం మీద బోల్టు చేయండి.

ఫిల్టర్లు ఎన్ని, ఎక్కడ?

రెండు. పంప్‌కు ముందు ముతక జాలి ఫిల్టర్, 70 నుంచి 100 మైక్రాన్లది, పంప్‌ను కాపాడటానికి. పంప్ తర్వాత సన్న కాగితం ఫిల్టర్, జెట్లను కాపాడటానికి. సన్న ఫిల్టర్‌ను పీల్చే వైపు పెడితే పంప్ గొంతు నొక్కినట్టే. గాజు ఫిల్టర్లు చూడటానికి బాగుంటాయి, వాషర్ల దగ్గర కారతాయి, దెబ్బ తగిలితే పగులుతాయి. ప్లాస్టిక్ ఫిల్టర్ వాడినా డిస్ట్రిబ్యూటర్ మీదా ఎగ్జాస్ట్ పైనా వేలాడదీయకండి.

ఏళ్ళ తరబడి నిలబడిన బండి అయితే ట్యాంక్ కడగకుండా కొత్త పంప్ బిగించకండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత జిగురును కరిగించి, తుప్పును ఊడగొట్టి తెస్తుంది. మొదటి 200 కిలోమీటర్లకే ముందు ఫిల్టర్ విప్పి చూడాలి.

హోస్, క్లిప్పుల విషయంలో ఏం చూడాలి?

పాత రబ్బరు ఒక్క ముక్క కూడా మిగల్చవద్దు. ఎస్ఏఈ జే30ఆర్9 (పెట్రోల్ హోస్‌ల ప్రమాణం పేరు) అని అచ్చు వేసిన హోస్ వాడండి. అది ఇంజెక్షన్ ప్రెషర్‌కు చేసింది, కార్బ్యురేటర్‌కు అంత బలం అక్కర్లేదు. అయినా ఇథనాల్‌ను తట్టుకోవడంలో మామూలు జే30ఆర్7 హోస్ కంటే మెరుగు. పైన నూలు అల్లిక ఉన్న హోస్ పాత బండికి అందంగా అతుకుతుంది గానీ లోపలి రబ్బరు చీలినా కనపడనివ్వదు.

లోపలి వ్యాసం పంప్ గొట్టానికి సరిపోవాలి. ఎక్కువ బండ్లకు 8 మి.మీ., చిన్న ఇంజన్లకు 6 మి.మీ. ఇంజెక్షన్ ట్యాంకుల అవుట్‌లెట్ చాలా కార్లలో 12 మి.మీ. దాకా ఉంటుంది, అక్కడ లోహపు రిడ్యూసర్ వేయాలి. సన్న హోస్‌ను సాగదీసి ఎక్కిస్తే నెలకే చిట్లుతుంది, లావు హోస్‌ను క్లిప్పుతో నొక్కితే మడత దగ్గర గాలి లాగుతుంది. పీల్చే వైపు గాలి లాగే సందు నుంచి పెట్రోల్ కారకపోవచ్చు. అందుకే ఆ తప్పు పట్టుకోవడం కష్టం.

పళ్ళు కోసిన స్క్రూ క్లిప్పులు రబ్బరును తురుముతాయి. అంచు మడిచిన, నట్టు బోల్టుతో బిగిసే ఇంజెక్షన్ క్లిప్పులు మేలు. లోహపు పైపు కోసి వాడితే చివర ఉబ్బు వచ్చేలా చేయించండి, నున్నటి పైపు మీద హోస్ జారుతుంది. మరలకు తెల్ల టేపు చుట్టవద్దు. దాని పోగు ఒకటి తెగి నీడిల్ సీటు మీద కూర్చుంటే చాలు, కార్బ్యురేటర్ పొంగుతుంది. పెట్రోల్‌ను తట్టుకునే ద్రవ సీలెంట్ రాయండి, అదీ మొదటి రెండు మరలు వదిలేసి.

కార్బ్యురేటర్ మీది ఇత్తడి ఇన్‌లెట్ గొట్టాన్ని కూడా చేత్తో తిప్పి చూడండి. కొన్నింటిలో దాన్ని మర లేకుండా కేవలం దిగ్గొట్టి ఉంచుతారు. ఏళ్ళు గడిచాక వదులై, హోస్‌తో సహా ఊడి వస్తుంది. కొంచెం కదిలినా ఆ బండి నడపకండి. రంధ్రం లోపల మర కోయించి మర గొట్టం వేయించండి.

పంప్ మీద 2 నుంచి 4 పీఎస్ఐ అని ఉంది. ఇంకా రెగ్యులేటర్ కావాలా?

గేజి పెట్టి చూసి నిర్ణయించండి. కార్బ్యురేటర్ దగ్గర టీ జాయింట్ వేసి 0 నుంచి 15 పీఎస్ఐ గేజి బిగించండి. 100 పీఎస్ఐ గేజి మీద 3 చదవడం జరిగే పని కాదు. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు, అంటే పెట్రోల్ దాదాపు కదలనప్పుడు, ప్రెషర్ గరిష్ఠంగా ఉంటుంది. అప్పుడు 3.5 దాటకపోతే వెబర్‌కు రెగ్యులేటర్ అవసరం లేదు. దాటితే కార్బ్యురేటర్‌కు దగ్గర్లో, కానీ ఇంజన్ మీద కాకుండా బాడీకి బిగించండి. సెట్టింగ్ అయ్యాక గేజి తీసేసినా నష్టం లేదు. పెట్రోల్ నిండిన గేజిని కారు లోపలికి మాత్రం లాగకండి.

పాత రిటర్న్ పైపును ఏం చేయాలి?

మూసేయకుండా వాడుకోవడమే మంచిది. కార్బ్యురేటర్ ముందు టీ వేసి, ఒక కొమ్మను 1 నుంచి 1.5 మి.మీ. రంధ్రం ఉన్న జెట్ గుండా రిటర్న్‌కు కలపండి. పెట్రోల్ ఎప్పుడూ కొంచెం కొంచెం తిరుగుతూ చల్లగా ఉంటుంది, ఆవిరి బుడగలు ట్యాంక్‌కు పోతాయి. జెట్ లేకుండా నేరుగా కలిపితే పెట్రోల్ అంతా సులువైన దారి చూసుకుని వెనక్కి పోతుంది, గేజి సున్నా చూపిస్తుంది. వాడకపోతే ట్యాంక్ వైపు కొసను గట్టిగా మూయండి. బోల్టు దూర్చి క్లిప్పు వేసిన రబ్బరు ముక్కను మూత అనుకోకూడదు.

ట్యాంక్ గాలి పైపును, కార్బన్ క్యానిస్టర్‌ను (పెట్రోల్ ఆవిరిని పట్టే డబ్బా) అలాగే ఉంచండి.

పాత పంప్ వైరుకే కొత్త పంప్ కలపవచ్చా?

వైరు ఉంటుంది, దాన్ని పనిచేయించే మెదడు మీరు తీసేశారు. డి-జెట్రానిక్‌లో పంప్ రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్) కంట్రోల్ యూనిట్ నడుపుతుంది, ఎల్-జెట్రానిక్ కార్లలో చాలావాటికి ఎయిర్‌ఫ్లో మీటర్ రెక్క లోపలి స్విచ్ నడుపుతుంది. అవి పోయాయి కాబట్టి రిలేకు ఆజ్ఞ రాదు. తాళం తిప్పగానే ఒకటి రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, లేదా అసలు తిరగదు. చాలా కె-జెట్రానిక్ కార్ల రిలే ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కు కరెంటు ఇచ్చేది) పల్స్‌లను చూసి పనిచేస్తుంది. మీ బండిది ఆ రకమైతే అదృష్టం, అలాగే ఉంచుకోండి.

కొత్తగా వేస్తే ఇలా. ఇక్కడి 30, 85, 86, 87 రిలే మీద రాసి ఉండే టెర్మినల్ నంబర్లు. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ గుండా రిలే 30కి. 87 నుంచి ఇనర్షియా స్విచ్ (బండి గుద్దుకుంటే కరెంటు తెంచేది) గుండా పంప్ పాజిటివ్‌కు. 86కు తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు. 85 ఎర్త్‌కు, కింద చెప్పిన కటాఫ్ (ఇంజన్ ఆగితే పంప్‌ను ఆపే ఏర్పాటు) గుండా. సోలినాయిడ్‌కు 5 ఆంపియర్ల ఫ్యూజ్, 1.5 చదరపు మి.మీ. వైరు, రోటరీకి 10 ఆంపియర్లు, 2.5 చదరపు మి.మీ. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. కాయిల్ పాజిటివ్ నుంచి కరెంటు దొంగిలించకండి. బాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వోల్టేజ్ తగ్గించేది) ఉన్న బండిలో అక్కడ ఏడెనిమిది వోల్టులే ఉండొచ్చు. పని అయ్యాక పంప్ నడుస్తుండగా దాని టెర్మినళ్ళ దగ్గరే వోల్టేజ్ కొలవండి. బ్యాటరీకీ అక్కడికీ తేడా అర వోల్టు దాటకూడదు.

కటాఫ్ తప్పనిసరా? తాళం తీస్తే ఆగుతుంది కదా?

తప్పనిసరి. ప్రమాదంలో ఇంజన్ ఆగి, హోస్ తెగి, తాళం ఆన్‌లోనే ఉండి, డ్రైవర్ చేయి ఆడని స్థితిలో ఉంటే, ఆ పంప్ ట్యాంక్ ఖాళీ అయ్యేదాకా రోడ్డు మీద పెట్రోల్ పోస్తుంది.

ఇనర్షియా స్విచ్ గుద్దుకున్నప్పుడే తెగుతుంది. దాన్ని బాడీ గట్టి భాగానికి నిటారుగా, రీసెట్ బటన్ చేతికి అందేలా బిగించండి. దానికి తోడు కాయిల్ పల్స్‌లు ఆగితే తెగే రిలే ఉంటే నిశ్చింత. మా ఓటు దీనికే.

ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తోనూ చేయవచ్చు, కానీ ఇక్కడొక తిరకాసు. డ్యాష్‌బోర్డు ఎర్ర లైటుకు ఉన్న స్విచ్ ప్రెషర్ లేనప్పుడు ఎర్త్ ఇస్తుంది, వస్తే తెగుతుంది. దానికి 85 కలిపితే ఇంజన్ ఆగినప్పుడు పంప్ నడుస్తుంది, ఇంజన్ నడుస్తుంటే ఆగుతుంది. కావాల్సినదానికి సరిగ్గా తలకిందులు. ప్రెషర్ వస్తే కలిసే రకం స్విచ్ విడిగా కొనాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ప్రెషర్ రాదు కాబట్టి ఫ్లోట్ చాంబర్‌లో మిగిలిన పెట్రోల్‌తోనే స్టార్ట్ కావాలి. వారాల తరబడి నిలబెట్టే బండికి స్టార్ట్ చేసేముందు ఫ్లోట్ చాంబర్ నింపుకోవడానికి, నొక్కి ఉంచినంతసేపే పంప్‌ను నడిపే ఒక ప్రైమింగ్ బటన్ కూడా పెట్టుకోండి. ఆన్‌లో ఉండిపోయే స్విచ్ పెడితే కటాఫ్‌కు అర్థం లేదు.

పని ఏ వరసలో చేయాలి? మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఏం చూడాలి?

ఇంజెక్షన్ లైను ఇంకా ఉంటే పంప్ ఫ్యూజ్ పీకి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపి ప్రెషర్ దించండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. గుంటలో దిగి చేయవద్దు, వేడి బల్బు లైటు వాడవద్దు, అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేచోట ఉండాలి.

బిగింపు అయ్యాక కార్బ్యురేటర్ దగ్గర హోస్ విప్పి కొలత డబ్బాలో పెట్టి, ఇంజన్ ఆపి ఉంచి, రిలే తీసి దాని సాకెట్‌లో 30, 87లను ఫ్యూజ్ ఉన్న వైరు ముక్కతో కలిపి సరిగ్గా 30 సెకన్లు పంప్ నడపండి. అర లీటరు వస్తే గంటకు 60 లీటర్లు అన్నమాట, 100 హార్స్‌పవర్‌కు రెట్టింపు. అంతకన్నా తక్కువైతే ముందు ఫిల్టర్, ట్యాంక్ లోపలి జాలి, ఎర్త్ వరసగా చూడండి.

తర్వాత హోస్ కలిపి, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే రెండు నిమిషాలు పంప్ నడపండి. ప్రతి జాయింట్‌ను పొడి కాగితంతో తుడిచి చూడండి, తడి చుక్క కంటికన్నా కాగితానికే ముందు తెలుస్తుంది. కార్బ్యురేటర్ నోట్లోకి టార్చ్ వేసి చూడండి, వెంచురీ కొసన చుక్క వేలాడుతుంటే నీడిల్ ఆపడం లేదు. వైరు ముక్క తీసి రిలే పెట్టాక, ఇంజన్ స్టార్ట్ చేసి, కాయిల్ వైరు పీకి ఇంజన్ ఆపండి. తాళం ఆన్‌లో ఉన్నా పంప్ కొన్ని సెకన్లలో ఆగాలి. ఆగకపోతే వైరింగ్ మళ్ళీ చూడాల్సిందే.

టిక్ టిక్ వేగం మారుతోంది. పంప్ పాడైందా?

కాదు, మాట్లాడుతోంది. పంప్ మొదలవగానే వేగంగా కొట్టుకుని, ఫ్లోట్ చాంబర్లు నిండాక నెమ్మదిస్తే అంతా సవ్యం. ఎంతసేపైనా గబగబా కొట్టుకుంటూనే ఉంటే పెట్రోల్ లేదు, గాలి లాగుతోంది, లేదా ఎక్కడో పొంగుతోంది. ఇంజన్ గట్టిగా లాగుతున్నప్పుడు కూడా నెమ్మదిగానే కొట్టుకుంటే పంప్ తర్వాతి ఫిల్టరో రెగ్యులేటరో అడ్డుకుంటోంది.

పదిహేను ఇరవై నిమిషాలు బాగా నడిచి ఆగిపోతోంది. కాసేపు నిలబెడితే మళ్ళీ నడుస్తోంది.

ఆగిన వెంటనే ట్యాంక్ మూత తీయండి. ఉస్సుమని గాలి లోపలికి పోతే ట్యాంక్ గాలి పైపు మూసుకుపోయింది, పంప్‌ది తప్పు కాదు. శబ్దం రాకపోతే ట్యాంక్ లోపలి జాలికి చెత్త అంటుకుంటోందేమో చూడండి. పెట్రోల్ పీల్చుకున్నంతసేపు అంటుకుని, ఆపగానే రాలి అడుగుకు పోతుంది.

వేడి మీద ఆపి పది నిమిషాలకు మళ్ళీ కొడితే స్టార్ట్ కావడం లేదు.

ఆపిన ఇంజన్ వేడి పైకెక్కి ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్‌ను మరిగిస్తుంది. ఆవిరి మానిఫోల్డ్‌లో నిండి ఇంజన్‌కు పెట్రోల్ మరీ ఎక్కువై అంటుకోదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, పదే పదే తొక్కి వదలకుండా సెల్ఫ్ కొట్టండి. శాశ్వతంగా కావాలంటే కార్బ్యురేటర్ కింద ఫైబర్ స్పేసర్, పైన చెప్పిన రిటర్న్, పైపులను రేడియేటర్ గొట్టాలకు దూరంగా మళ్ళించడం. పంప్ ప్రెషర్ పెంచితే ఇది తగ్గదు, ఇంకా ముదురుతుంది.

ట్యాంక్ కార్బ్యురేటర్‌కన్నా ఎత్తులో ఉంది. ఏమైనా ఇబ్బందా?

పంప్ ఆగినా పెట్రోల్ దానంతట అదే దిగుతుంది. నీడిల్ కొంచెం అరిగినా తెల్లారేసరికి సంప్ నిండా పెట్రోలే. ఆగినప్పుడు దారి పూర్తిగా మూసే వాల్వ్ ఉన్న పంప్ అడిగి తీసుకోండి, లేదా పంప్ తర్వాత సోలినాయిడ్ వాల్వ్ వేసి పంప్ కరెంటుకే కలపండి.

పాజిటివ్ ఎర్త్ బండికి (బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపిన పాత బండి) ఇదే పంప్ పనికొస్తుందా?

లోపల ట్రాన్సిస్టర్లు ఉన్న సోలినాయిడ్ పంప్‌కు వైర్లు తిరగేస్తే క్షణంలో కాలిపోతుంది. రెండు వైర్లూ బయటికి వచ్చిన పంప్ అయితే ఎర్ర వైరును ఎర్త్‌కు, నల్ల వైరును సప్లైకు కలపవచ్చు, కానీ దాని ఒంటి లోహం ఏ వైరుకూ కలవలేదని మీటర్‌తో చూసుకున్నాకే. లోహపు ఒళ్ళే ఎర్త్ అయిన పంప్ అలాంటి బండికి పనికిరాదు. 6 వోల్టుల బండికి 6 వోల్టుల పంపే కొనండి.